కడప జిల్లాలో సెల్‌ఫోన్ బేస్ స్టేషన్లు

సెల్‌ఫోన్ బేస్ స్టేషన్ అనగా తన పరిధిలోని సెల్‌ఫోన్లతో రేడియో తరంగాల ద్వారా సంబంధం పెట్టుకొని, వాటిని టెలిఫోను ఎక్స్ఛేంజికి కలిపే కేంద్రం. వాడుకలో దీనిని సెల్ టవర్ అంటారు. నిజానికి టవర్ అనేది ఆంటెన్నాలను ఎత్తున నిలిపే ఇనుప స్తంభం మాత్రమే. బేస్ స్టేషన్ అంటే ఆ ఆంటెన్నాలు, వాటికి అనుసంధానించిన రేడియో యంత్రాలు, కింద ఉన్న విద్యుత్ పరికరాలు అన్నీ కలిపి. ఒక ప్రాంతంలోని బేస్ స్టేషన్లను, వాటిని నియంత్రించే యంత్రాలను, వాటి మధ్యనున్న లంకెలను కలిపి రేడియో యాక్సెస్ నెట్‌వర్క్ అని వ్యవహరిస్తారు.

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలు ఒకే జిల్లాలో ఉన్నా, బేస్ స్టేషన్ల అమరికలో మూడు వేర్వేరు సమస్యలకు ఉదాహరణలుగా నిలుస్తాయి. ప్రొద్దుటూరులో సమస్య జనసాంద్రత. జమ్మలమడుగు పరిసరాలలో పెన్నా నది కోసిన లోయ. పులివెందుల వైపు కొండలు, చెదురుమదురుగా ఉన్న పల్లెలు. ఫోను తెరపై సంకేత బలాన్ని చూపే గీతలు మూడు చోట్లా ఒకే విధంగా కనబడినా, మాట కలవకపోవడానికి కారణాలు ఒక్కటి కావు.

పని చేయు విధానం

సెల్‌ఫోను ఒక చిన్న రేడియో ప్రసార యంత్రం, గ్రాహకం కూడా. 900 మెగాహెర్ట్జ్ జీఎస్ఎం పద్ధతిలో ఫోను ప్రసార సామర్థ్యం గరిష్ఠంగా 2 వాట్లు. ఇంత తక్కువ శక్తితో ప్రొద్దుటూరు నుండి హైదరాబాదుకు నేరుగా మాట్లాడుట అసాధ్యం. కావున ఫోను దగ్గరలోని బేస్ స్టేషన్ వరకే మాటను చేరవేస్తుంది. అక్కడి నుండి ఆప్టికల్ ఫైబర్ తీగ ద్వారా గాని, టవర్ మీద గుండ్రటి డోలు వలె కనబడే మైక్రోవేవ్ ఆంటెన్నా ద్వారా గాని మాట ఎక్స్ఛేంజికి చేరుతుంది. అనగా సెల్‌ఫోను సంభాషణలో ఫోను స్వయంగా గాలిలో చేరవేసే భాగం మొదట, చివర ఉన్న కొద్ది కిలోమీటర్లే.

ఒక టవర్ మీద సాధారణంగా మూడు దిక్కులకు మూడు ఆంటెన్నా పలకలు ఉంటాయి. ఒక్కొక్కటి 120 డిగ్రీల మేర పరిసరాన్ని చూసుకుంటుంది. ఇలా ఒక్కొక్క పలక పరిధిలోకి వచ్చే ప్రాంతమే ఒక సెల్. తేనెపట్టు గదుల వలె ఆరు భుజాల సెల్స్‌గా భూమిని విభజించి, కొద్దిపాటి పౌనఃపున్యాలనే దూరదూరంగా ఉన్న సెల్స్‌లో మరల మరల వాడుకోవచ్చునన్న ఆలోచనను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ రింగ్, రే యంగ్ 1947లో ప్రతిపాదించారు. దానిని ఆచరణలో పెట్టగల ఎలక్ట్రానిక్ పరికరాలు రావడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

జీఎస్ఎంలో ఒక రేడియో వాహకం 200 కిలోహెర్ట్జ్ వెడల్పు కలిగి ఉంటుంది. దానిని కాలాన్ని బట్టి ఎనిమిది భాగాలు చేస్తారు. ఒక్కొక్క భాగం 577 మైక్రోసెకన్లు. ఎనిమిది మంది ఒకే పౌనఃపున్యం మీద వంతుల వారీగా మాట్లాడుతారు. ప్రతి ఫోనుకూ సుమారు 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి వంతు వస్తుంది. ఈ వంతులు ఎంత వేగంగా మారుతాయంటే మాట్లాడేవారికి మధ్యలో ఖాళీ ఉన్నట్లే తెలియదు.

దూరంగా ఉన్న ఫోను నుండి వచ్చే సంకేతం ఆలస్యంగా చేరి పక్కవాని వంతులో పడే ప్రమాదమున్నది. అందుచేత బేస్ స్టేషన్ ప్రతి ఫోనుకూ ఎంత ముందుగా ప్రసారం మొదలుపెట్టవలెనో చెబుతూ ఉంటుంది. ఈ సవరణకు 0 నుండి 63 వరకు మెట్లు ఉన్నాయి, ఒక్కొక్క మెట్టు సుమారు 550 మీటర్ల దూరానికి సమానం. జీఎస్ఎం సెల్ పరిధి సాధారణంగా 35 కిలోమీటర్లు దాటకపోవడానికి కారణం ఇదే. సంకేతం బలంగా ఉన్నా అంతకు మించిన దూరంలో ఉన్న ఫోనును బేస్ స్టేషన్ స్వీకరించదు.

ఫోను మాట్లాడనప్పుడు కూడా పూర్తిగా ఊరకుండదు. చుట్టూ ఉన్న బేస్ స్టేషన్లు నిరంతరం ప్రకటించే గుర్తింపు సంకేతాలను వింటూ, అన్నిటిలోకి బాగా వినబడే దానిని ఎంచుకొని ఉంటుంది. కొన్ని పదుల సెల్స్‌ను కలిపి ఒక స్థాన ప్రాంతంగా నిర్ణయిస్తారు. ఫోను ఒక స్థాన ప్రాంతం నుండి మరొక దానికి మారినప్పుడు తన ఉనికిని నెట్‌వర్కుకు తెలియజేస్తుంది. ఎవరైనా ఆ నంబరుకు ఫోను చేసినప్పుడు ఆ స్థాన ప్రాంతంలోని సెల్స్ అన్నిటిలోను దాని గుర్తింపును పిలుస్తారు. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలిచినట్లు, తన గుర్తింపు విన్న ఫోను మాత్రమే బదులిస్తుంది. పిలుపు వినబడని చోట ఫోను ఉంటే అవతలివారికి పరిధిలో లేరన్న సమాధానం వస్తుంది.

ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగుకు దూరం సుమారు 20 కిలోమీటర్లు. బస్సులో మాట్లాడుతూ వెళ్ళే ప్రయాణికుని ఫోను దారిలో ఉన్న బేస్ స్టేషన్ల బలాన్ని ఎప్పటికప్పుడు కొలిచి నివేదిస్తుంది. ముందున్న సెల్ సంకేతం ప్రస్తుత సెల్ కంటే నిర్ణీత మోతాదులో ఎక్కువైనప్పుడు సంభాషణను దానికి అప్పగిస్తారు. దీనిని హ్యాండోవర్ అంటారు. దారిలో ఒక్కొక్క సెల్ నాలుగైదు కిలోమీటర్ల మేర ఉన్నదనుకొంటే ఈ చిన్న ప్రయాణంలో నాలుగైదు సార్లు అప్పగింత జరుగుతుంది. ముందున్న సెల్‌లో ఖాళీ వంతు లేకపోతే మాట మధ్యలో తెగిపోతుంది. ప్రయాణంలో సంభాషణలు తెగిపోవడానికి సంకేతం లేకపోవుటే కాక ఇది కూడా ఒక కారణం. 2016లో ప్రారంభమైన ఎర్రగుంట్ల - నంద్యాల రైలు మార్గం ఈ రెండు పట్టణాల మీదుగా పోతుంది. రైలులో వందలాది ఫోన్లు ఒకేసారి సెల్ మారుతాయి గనుక ఈ సమస్య మరింత ఎక్కువ.

పూర్వ చరిత్ర

పల్లెలకు రేడియో ద్వారా ఫోను అందించే ప్రయత్నం సెల్‌ఫోన్లతో మొదలు కాలేదు. 1990వ దశకంలో టెలికాం శాఖ గ్రామాలలో మార్ అనే పద్ధతిలో ప్రజా టెలిఫోన్లను నెలకొల్పింది. అందులో ఒక రకంలో రెండు రేడియో మార్గాలను 15 గ్రామాలు పంచుకొనేవి. దేశమంతటా ఈ ఫోన్లు పెద్ద సంఖ్యలో మూలబడ్డాయి. బ్యాటరీలు, సౌర పలకల నిర్వహణ లోపించడం ముఖ్య కారణాలలో ఒకటి. రేడియో పరికరం ఎంత మంచిదైనా విద్యుత్తు లేనిదే వ్యర్థమన్న ఈ పాఠం తరువాతి సెల్ టవర్లకూ వర్తించింది.

భారత దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా నుండి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రాం మధ్య జరిగింది. ఆంధ్ర ప్రదేశ్ సర్కిల్‌లో తొలి లైసెన్సులు జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ సంస్థలకు లభించాయి. మొదటిది తరువాత భారతి సంస్థలోను, రెండవది ఐడియాలోను కలిసిపోయాయి. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్ఎన్ఎల్, 2002 అక్టోబరులో సెల్‌వన్ పేరుతో సేవలు ప్రారంభించినది. అదే సంవత్సరం డిసెంబరులో రిలయన్స్ సీడీఎంఏ సేవలు వచ్చినవి. వచ్చే కాల్స్‌కు కూడా చెల్లించవలసిన పద్ధతి 2003లో తొలగిన తరువాతనే సెల్‌ఫోను సామాన్యుని చేతికి చేరినదని చెప్పవచ్చు. 2014లో రాష్ట్ర విభజన జరిగినా, లైసెన్సుల నిమిత్తం ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్‌గా కొనసాగాయి.

ప్రొద్దుటూరు

పెన్నా నది ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు బంగారం, వస్త్ర వ్యాపారాలకు ప్రసిద్ధి. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా లక్షా అరవై వేలకు పైగా కలదు. నేల చదునుగా ఉన్నందున తరంగాలకు కొండల అడ్డు లేదు. ఇక్కడ ఒక్క ఎత్తైన టవర్ కట్టి పట్టణమంతటికీ సంకేతం అందించడం కష్టమేమీ కాదు. కాని దాని వలన ప్రయోజనం తక్కువ. ఎందుకో ఒక లెక్క వలన తెలుస్తుంది.

జీఎస్ఎం సెల్ ఒకదానిలో రెండు వాహకాలు ఉన్నవనుకొందాం. మొత్తం 16 వంతులలో రెండు నియంత్రణ సంకేతాలకు పోగా 14 మిగులుతాయి. అనగా ఒకే క్షణంలో 14 మంది మాత్రమే మాట్లాడగలరు. నూటికి రెండు కాల్స్ కంటే ఎక్కువ విఫలం కారాదన్న నియమం పెట్టుకొంటే, డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు ఎర్లాంగ్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఈ 14 మార్గాలు 8.2 ఎర్లాంగుల రద్దీని మోయగలవు. రద్దీ వేళ ఒక్కొక్క చందాదారుడు గంటలో సగటున ఒకటిన్నర నిమిషం మాట్లాడుతాడనుకొంటే, ఒక సెల్ సుమారు 330 మందికి, మూడు సెల్స్ గల టవర్ వెయ్యి మందికి సరిపోతుంది. లక్షా అరవై వేల మందికి ఒకే సంస్థ ఇదే అమరికతో సేవలందించవలెనంటే 160 టవర్లు కావలెను! వాస్తవంలో వాహకాల సంఖ్య పెంచి, చందాదారులను పలు సంస్థలు పంచుకొని ఈ సంఖ్యను తగ్గించుకుంటాయి. అయినా సూత్రం మారదు: పట్టణంలో టవర్ల సంఖ్యను నిర్ణయించేది దూరం కాదు, జనం.

అందువలన పట్టణాలలో టవర్లను ఎత్తుగా కాక, దగ్గర దగ్గరగా, మేడల పైకప్పుల మీద తక్కువ ఎత్తులో అమర్చుతారు. ఆంటెన్నాలను కొద్ది డిగ్రీలు కిందికి వంచుతారు. దీనివలన ఒక సెల్ తరంగాలు పక్క వీధి దాటి పోక, అదే పౌనఃపున్యం వాడే మరొక సెల్‌కు అడ్డు రాకుండా ఉంటాయి. దసరా ఉత్సవాల వంటి సందర్భాలలో ప్రొద్దుటూరు వీధులు క్రిక్కిరిసినప్పుడు ఫోను తెరపై గీతలన్నీ నిండుగా ఉండి కూడా కాల్ కలవకపోవచ్చు. అది సంకేత లోపం కాదు, వంతుల కొరత. ఫోను చెడిపోయిందని దుకాణానికి పట్టుకొని పోయేవారికి ఈ తేడా తెలియడం మేలు.

జమ్మలమడుగు

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట వద్ద పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకొని పారుతుంది. ఇక్కడ లోయ లోతు సుమారు 300 అడుగులు. రాతి గోడలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి.

రేడియో తరంగాలు కాంతి వలెనే సాధారణంగా సరళ రేఖలో ప్రయాణిస్తాయి. అడ్డు వచ్చిన శిఖరం అంచు వద్ద కొంత వంగి కిందికి దిగుతాయి గాని, ఆ వంపులో శక్తి చాలా నష్టపోతాయి. దీనిని వివర్తనం అంటారు. పౌనఃపున్యం ఎక్కువైన కొలదీ వంపు తగ్గి, నీడ చిక్కనవుతుంది. కావుననే 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు కొండ చాటుకు కొంతవరకైనా చేరగా, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు అంతగా చేరవు. కోట మీద నిలబడిన సందర్శకునికి దూరపు టవర్ కూడా చక్కగా వినబడవచ్చు. అతడే నది ఒడ్డుకు దిగితే రాతి గోడ నీడలో పడతాడు.

ఎత్తున ఉండుట వలన వేరొక చిక్కు కూడా కలదు. చదునైన నేల మీద 40 మీటర్ల టవర్‌కు రేడియో క్షితిజం సుమారు 26 కిలోమీటర్లు. కొండ మీది ఫోనుకు అంతకంటే దూరపు టవర్లు కూడా కనబడతాయి. ఒకదానికంటే మరొకటి స్పష్టంగా మెరుగు కానప్పుడు ఫోను ఎటూ తేల్చుకోలేక వాటి మధ్య మాటిమాటికీ మారుతుంది. గీతలు నిండుగా ఉన్నా మాట ముక్కలు ముక్కలుగా వినబడుటకు ఇది ఒక కారణం.

లోయలకు పరిష్కారం పెద్ద టవర్ కాదు. లోయ అంచున, లోపలికి చూచే విధంగా ఆంటెన్నా గల చిన్న బేస్ స్టేషన్ గాని, బయటి సంకేతాన్ని అందుకొని లోపలికి తిరిగి పంపే రిపీటర్ గాని అమర్చవలెను. తక్కువ మంది కోసం ఇంత ఖర్చు పెట్టడానికి సంస్థలు సాధారణంగా ముందుకు రావు.

పులివెందుల

పులివెందుల చుట్టుపక్కల లింగాల, తొండూరు, సింహాద్రిపురం, వేముల, వేంపల్లె, చక్రాయపేట మండలాలు ఉన్నాయి. అరటి, చీనీ తోటలకు ఈ ప్రాంతం పేరు పొందినది. కొండల వరుసల మధ్య పల్లెలు చెదిరి ఉన్నందున ఇక్కడ ఒక టవర్ తక్కువ మందికి ఎక్కువ నేలను కవర్ చేయవలసి ఉంటుంది. ప్రొద్దుటూరు లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు. టవర్ ఖర్చు అంతే, చందాదారులు మాత్రం కొద్దిమంది. ఇటువంటి ప్రాంతాల కొరకే కేంద్ర ప్రభుత్వం సార్వత్రిక సేవా నిధిని ఏర్పరచినది. 2007లో ఈ నిధి సాయంతో దేశవ్యాప్తంగా సెల్ సేవలు లేని గ్రామీణ ప్రాంతాలలో ఏడు వేలకు పైగా టవర్ల పథకం చేపట్టారు. ఒక్కొక్క టవర్‌ను మూడు సంస్థలు పంచుకొనుట ఇందులోని విశేషం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఈ నిధి పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చినది.

ఈ ప్రాంతపు రైతుకు సంకేతం మాట్లాడుకొనుటకు మాత్రమే కాదు. తోటలోని బోరు మోటారుకు సిమ్ కార్డు గల స్టార్టర్ అమర్చుకొని, ఊరిలో ఇంటి నుండే ఫోను చేసి మోటారు వేయుట, ఆపుట రాయలసీమలో సాధారణమైనది. రాత్రి వేళ కరెంటు వచ్చినప్పుడు చీకటిలో తోటకు పోయే బాధ, పాము భయం దీనితో తగ్గినవి. ఇటువంటి స్టార్టర్లలో చాలా వరకు రెండవ తరం అనగా జీఎస్ఎం సంకేతంతోనే పని చేస్తాయి. కొత్త తరాలు వచ్చినా పాత జీఎస్ఎంను ఒక్కసారిగా ఆపలేకపోవడానికి కారణాలలో ఇది ఒకటి. తోటలో దట్టమైన అరటి ఆకులు, వాటిలోని తేమ తరంగాలను కొంత పీల్చుకుంటాయి గనుక స్టార్టర్ ఆంటెన్నాను తీగతో షెడ్డు పైకప్పు మీదకు తీసి ఉంచుట మంచిది.

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ఈ వివరణకు మినహాయింపు. పల్లెల నడుమ ఒకే చోట వేలాది విద్యార్థులు ఉండుట వలన అక్కడ సమస్య దూరం కాదు, ప్రొద్దుటూరు వలె రద్దీయే.

విద్యుత్తు, వెనుక లంకె

బేస్ స్టేషన్ నుండి ఎక్స్ఛేంజి వరకు గల లంకెను బ్యాక్‌హాల్ అంటారు. చందాదారునికి కనబడని ఈ భాగమే చాలాసార్లు అసలు బలహీనత. కొండ ప్రాంతాలలో ఒక టవర్ నుండి మరొక టవర్‌కు, అక్కడి నుండి ఇంకొక టవర్‌కు మైక్రోవేవ్ లంకెలు గొలుసుగా ఉంటాయి. గొలుసు మొదటి టవర్ ఆగితే దాని వెనుకనున్నవన్నీ మూగబోతాయి. వాటిలో విద్యుత్తు ఉన్నా, ఫోనులో గీతలు కనబడినా కాల్ కలవదు. లంకె రెండు చివరలు ఒకదానికొకటి కనబడితే చాలదు. వాటి మధ్య రేఖ చుట్టూ కొంత ఖాళీ కూడా కావలెను. ఉదాహరణకు 7 గిగాహెర్ట్జ్ మీద 20 కిలోమీటర్ల లంకెకు మధ్యభాగంలో రేఖకు ఇరువైపులా సుమారు 15 మీటర్లు. 10 గిగాహెర్ట్జ్ దాటిన లంకెలకు భారీ వాన కూడా అడ్డమే. ఫైబర్‌కు ఈ బాధలు లేవు గాని, రోడ్డు పనులలో తెగిపోయే ప్రమాదమున్నది.

బేస్ స్టేషన్ పరికరాలు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పని చేస్తాయి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీలు, ఆపై డీజిల్ జనరేటర్ ఆదుకొంటాయి. 600 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 29 యూనిట్ల విద్యుత్తు నిలువ ఉంటుంది. రెండున్నర కిలోవాట్లు వాడే స్టేషన్‌కు లెక్క ప్రకారం ఇది 11 గంటలు రావలెను. కాని సీసపు బ్యాటరీలు 25 డిగ్రీల వేడికి రూపొందినవి. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కడప ఎండలలో 40 డిగ్రీలు దాటుట మామూలే. కనుక వయసు మళ్ళిన బ్యాటరీ రెండు మూడు గంటలకే చేతులెత్తేయవచ్చు.

2015 నుండి రాష్ట్రంలోని చౌకధరల దుకాణాలలో వేలిముద్ర తీసుకొనే ఈ-పాస్ యంత్రాలు ప్రవేశపెట్టారు. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ కూలీల హాజరును సెల్‌ఫోనులో ఫోటోతో నమోదు చేయుట తప్పనిసరి అయినది. ఇటువంటి చోట్ల టవర్ ఆగితే బియ్యం కోసం వచ్చిన వృద్ధులు వరుసలోనే నిలబడవలసి వస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై రాష్ట్రమంతటా విస్తరించిన 108 అంబులెన్సును పిలుచుటకు కూడా టవరే ఆధారం. అత్యవసర కాల్‌కు ఒక సౌలభ్యం ఉన్నది. తన సంస్థ సంకేతం లేనప్పుడు ఫోను, అందుబాటులో ఉన్న ఇతర సంస్థల టవర్ ద్వారా అత్యవసర నంబరు 112ను పిలువగలదు. 2025 జనవరిలో డిజిటల్ భారత్ నిధి సాయంతో కట్టిన టవర్ల వద్ద ఒక సంస్థ చందాదారులు మరొక సంస్థ 4జీ సంకేతాన్ని వాడుకొనే ఏర్పాటును కేంద్రం ప్రారంభించినది.

తరాల మార్పు

రెండవ తరంలో బేస్ స్టేషన్‌కు సొంత నిర్ణయాధికారం తక్కువ. పదుల స్టేషన్లను ఒక నియంత్రణ యంత్రం నడిపేది. మూడవ తరంలోను ఇదే ఏర్పాటు ఉండెను. 4జీలో ఆ మధ్య యంత్రాన్ని తొలగించి, అప్పగింత వంటి నిర్ణయాలను బేస్ స్టేషన్లకే ఇచ్చారు. అవి పరస్పరం మాట్లాడుకొంటాయి. 5జీలో బేస్ స్టేషన్‌ను మూడు భాగాలుగా విడదీసి, రేడియో భాగాన్ని మాత్రమే టవర్ మీద ఉంచి, మిగిలిన వాటిని వేరొక చోట ఉంచవచ్చును.

దేశంలో 4జీ 2012లో కలకత్తాలో మొదలైనా, 2016 సెప్టెంబరు 5న జియో రాకతోనే విస్తరించినది. 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైనది. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ పరికరాలతో నిర్మించిన 4జీ నెట్‌వర్కును 2025 సెప్టెంబరు 27న ఒడిషాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. సీడీఎంఏ సేవలు ఈలోగా అంతరించినవి.

వికిరణం, టవర్ అద్దెలు

టవర్ల వికిరణంపై ప్రజలలో భయం ఉన్నది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011 మే నెలలో రేడియో తరంగాలను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న 2బి వర్గంలో చేర్చినది. ఇది నిర్ధారణ కాదు, ఆధారాలు పరిమితమన్న అర్థం. 2012 సెప్టెంబరు 1న భారత దేశం అంతర్జాతీయ పరిమితిలో పదవ వంతును ప్రమాణంగా అమలులోకి తెచ్చినది. 900 మెగాహెర్ట్జ్ వద్ద అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. ఆంటెన్నా పలక తన ఎదురుగా ప్రసరింపజేస్తుంది గనుక, సరిగ్గా టవర్ కింద ఉన్న ఇంటిలో కంటే కొంత దూరంలో ఎదురుగా ఉన్న మేడ మీద తీవ్రత ఎక్కువ ఉండవచ్చు. టవర్ దగ్గరగా ఉన్నప్పుడు జీఎస్ఎం ఫోను తన ప్రసార శక్తిని 2 వాట్ల నుండి కొద్ది మిల్లీవాట్లకు తగ్గించుకొంటుంది; దూరమైన కొలదీ పెంచుకొంటుంది. చెవికి ఆనించి ఉంచేది ఫోనునే కనుక, ఊరి నుండి టవర్‌ను తరిమివేసినంత మాత్రాన తలకు చేరే వికిరణం తగ్గదు.

ఇంటి మీద టవర్ పెడతామని, నెలకు వేలకు వేలు అద్దె వస్తుందని ఆశ చూపి, ముందుగా రుసుము పేరుతో డబ్బు వసూలు చేసే మోసాలు జరుగుతున్నాయి. టవర్ స్థాపనకు తాము ఎటువంటి రుసుమూ వసూలు చేయమని, నిరభ్యంతర పత్రాలు ఇవ్వమని టెలికాం శాఖ, ట్రాయ్ పలుమార్లు ప్రకటించాయి. స్థలం కావలసిన సంస్థ యజమానికి అద్దె చెల్లిస్తుందే గాని యజమాని నుండి డబ్బు అడగదు. స్థలాన్ని ఎంచుకొనేది కూడా రేడియో ఇంజనీర్ల లెక్కను బట్టే. దరఖాస్తు పెట్టుకొన్న ఇల్లు ఆ లెక్కలో వంద మీటర్లు పక్కకు ఉన్నా పనికి రాకపోవచ్చు.